ఇంకా ఒకరు తింటున్నారు

వెలుగు పక్షం, ఏకాదశి

ఫిర్యాదు: పంటగది కంప్యూటర్ ఆగడం లేదు. చెప్పింది: నూకరత్నం. చూస్తున్నది: సుభాషిణి, అంటే నేను.

మరమ్మతు కొట్టులో చేసే ప్రతి పనీ చిట్టాలో రాయాలన్నది నియమం. తర్వాత వచ్చే మెకానిక్కుకి పనికొస్తుందట. నన్ను మించిన మెకానిక్కు ఈ ఊళ్లో ఇప్పట్లో పుట్టబోదు గానీ, నియమం నియమమే కాబట్టి రాస్తున్నాను.

వెన్నెలలంకలో పని చేయమంటే మొరాయించే యంత్రాలు బోలెడు. వాటి సంగతి నాకు కొట్టిన పిండి. పని చాలించమంటే చాలించని యంత్రాన్ని చూడడం మాత్రం ఇదే మొదలు. నా చుట్టుపక్కల మనుషుల్లో అలాంటివాళ్లు ఒక్కరూ లేరు.

పంటగది డెస్క్‌టాప్ ఈ ఊరు కట్టిన మొదటివాళ్లు భూమి నుంచి మోసుకొచ్చినది. నిలబెట్టిన ట్రంకుపెట్టెలాంటి డబ్బా, ఒక తెర, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు. ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ గురక పెడుతుంది. ఆపమని నొక్కితే తెర నల్లబడుతుంది, ఫ్యాన్ నెమ్మదిస్తుంది, హమ్మయ్య అనుకుని మనం లేచేసరికి తెర మళ్లీ వెలిగి ఈ మాట చూపిస్తుంది:

"కొంచెం ఆగండి. ఇంకా ఒకరు తింటున్నారు."

ఈ మాట మాకు కొత్తేమీ కాదు. దీని ప్రోగ్రాములు రాసిన జోగారావుగారు ఆ రోజుల్లో వంటశాల కూడా చూసుకునేవారట. బంతిలో ఒకరు తింటుండగా పక్కవాడు లేచిపోతే ఆయనకి ఒళ్లు మండేది. కంప్యూటర్‌లోనూ అదే మర్యాద పెట్టారు. పంపులు, రెక్కలు, గాలి, వేడి అన్నీ ఒకే బంతిలో కూర్చున్నట్టు లెక్క. ఆపమన్నప్పుడు ఒక్కొక్కటీ తన పని ముగించి "తిన్నాను" అని చెప్పాలి. అందరూ చెప్పాకే అందరూ లేస్తారు. ఒక్కరు మిగిలినా ఎవరూ లేవనట్టే, మిగతావన్నీ మళ్లీ పనిలో పడతాయి. మామూలుగా ఆ మాట కాసేపు కనిపించి పోతుంది. ఈసారి పోవడం లేదు.

సూర్యుడు పడమటి గుట్ట మీద ఇంకా కాస్త ఎత్తులోనే ఉన్నాడు. పున్నమికి దిగిపోతాడు. ఇక పక్షం పొడుగునా చీకటి, రాళ్లు పగిలే చలి. చందమామ మీద వెన్నెల కాయదన్న చిన్న సంగతి మరిచిపోయి ఈ ఊరికి వెన్నెలలంక అని పేరు పెట్టిన మహానుభావులెవరో గానీ, వాళ్లు చలికాలం గురించి కూడా పెద్దగా ఆలోచించినట్టు లేదు. సూర్యుడు దిగేలోపు కంప్యూటర్ సవ్యంగా ఆగాలి. ఆగేటప్పుడే అది గొట్టాల్లోని నీళ్లని లోతు తొట్టిలోకి దింపుతుంది, పంటగది అద్దాల మీద మందపాటి రెక్కలు మూస్తుంది, పక్షమంతా ఎండకి కాగిన రాళ్ల వెచ్చదనాన్ని మళ్లకిందకి వదులుతుంది. ఆ రెక్కల్ని చేత్తో మూసే వీలు మొదటివాళ్లు పెట్టలేదు.

ఆ మళ్లలో రత్నం పిన్ని వరి ఉంది.

పిన్ని నాకు చుట్టమేమీ కాదు. ఊరందరికీ పిన్నే. ఇక్కడి బూడిదమట్టిలో వరి పండిస్తానని ఎనిమిదేళ్లుగా వంగిన నడుము వంగినట్టే ఉంది. పండిందల్లా తాలే. ఈ పంటకి మొట్టమొదటిసారిగా కంకి పాలు పోసుకుంది. చీకటి పక్షంలో చలి సోకకుండా ఉంటే కాడలో దాచుకున్న బలంతో గింజ గట్టిపడుతుందని పిన్ని లెక్క. చలి సోకితే మళ్లీ తాలే. ఇంకోసారి నాటడానికి విత్తనం కూడా లేదు, ఉన్నదంతా ఈ మళ్లలోనే వేసేసింది.

"ఆగుద్దంటావా అమ్మాయ్?" అని అడిగింది, కంప్యూటర్ వంక చూడకుండా వరి వంకే చూస్తూ.

"రేపు ఈపాటికి దీని గురక మానిపించకపోతే నా పేరు మార్చుకుంటాను పిన్నీ."

వెలుగు పక్షం, ద్వాదశి

పేరు మార్చుకోలేదు. రేపటి దాకా గడువు నాకు నేనే పొడిగించుకున్నాను.

ఈరోజు చేసినవి రాస్తున్నాను. డబ్బా విప్పి దుమ్ము దులిపాను. ఇక్కడి దుమ్ము గాజుపెంకుల పొడి, మీట సందుల్లో చేరితే నొక్కిన మీట నొక్కినట్టే ఉండిపోతుంది. మీట విప్పి తుడిచాను, బాగానే ఉంది. కీబోర్డులో ఏదైనా బొత్తం ఇరుక్కుని కంప్యూటర్‌ని పదేపదే లేపుతోందేమో అనుకుని కీబోర్డు పీకేశాను. తెరకీ పంటగదికీ మధ్య ఉన్న తీగలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి చూశాను. కరెంటు పెట్టె మార్చాను, మా కొట్టులో ఉన్న ఒకే ఒక్క మంచి పెట్టె అది. ప్రతిసారీ ఆపమన్నాను. ప్రతిసారీ ఎవరో తింటూనే ఉన్నారు.

అంటే రోగం డబ్బాలో లేదు, బుర్రలో ఉంది. సగం పని అయిపోయినట్టే. రోగం ఎక్కడ లేదో తెలిస్తే ఎక్కడుందో వెతకడం ఎంతసేపు!

నేను ఇంత ఉత్సాహంలో ఉండగా పట్టాభి బావ వచ్చాడు. మా అక్క మొగుడు. ఊరి బ్యాటరీలన్నీ అతని చేతిలో ఉంటాయి కాబట్టి తానేదో కరెంటుని కనిపెట్టినట్టు నడుస్తాడు.

"ఏం మరదలా, మీ బండ ఇంకా మేస్తూనే ఉందా?"

"మేస్తోంది బావా. నీ అంత కాదులే."

అతను నవ్వలేదు. బావ నవ్వలేదంటే విషయం గట్టిదే.

"నవ్వులాట కాదే సుభాషిణీ. అది ఆగకపోతే దాంతోపాటు పంపులూ ఫ్యాన్లూ అన్నీ తిరుగుతాయి. పక్షంలో సగం తిరక్కుండానే బ్యాటరీ చచ్చూరుకుంటది. అప్పుడు చావిట్లో ఉన్న మనుషులకి వేడెక్కణ్ణించి తేను? పసిపిల్లలున్నారు, మీ అక్కకి ఉబ్బసం. పున్నమినాడు సూర్యుడు గుట్ట దాటే ముందు దాని తీగ కత్తిరించేత్తాను."

"కత్తిరిస్తే నీళ్లు గొట్టాల్లోనే గడ్డకడతాయి. రెక్కలు తెరిచినవి తెరిచినట్టే ఉంటాయి."

"తెలుసు."

"పిన్ని వరి పోతుంది బావా."

"తెలుసన్నాను కదా. నాకేం సరదానా? నేను మాత్రం అన్నం తిననా?" అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆపవే, నీకు దణ్ణం పెడతాను" అని కూడా అన్నాడు. అక్కతో పెళ్లయిన ఇన్నేళ్లలో బావ నన్ను బతిమాలడం ఎప్పుడూ చూడలేదు. మనసులో కాస్త గర్వపడ్డాను, కాస్త భయపడ్డాను కూడా.

వెలుగు పక్షం, త్రయోదశి

దొరికింది!

ఉదయం నుంచి ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటే నేనే ఆపుతూ వచ్చాను. ఎవరు తింటున్నారో వాళ్ల చెయ్యి పట్టుకుని లేపుదామని. నీటి పంపు లేచింది. గాలి లేచింది. రెక్కల మోటారు, రాళ్ల వేడి, దీపాలు, తేమ చూసేది, ఉప్పు చూసేది, ఇంకో నాలుగు చిల్లరవి, అన్నీ బుద్ధిగా "తిన్నాను" అన్నాయి. నడుస్తున్నవాటి జాబితాలో ఒక్కటి మిగల్లేదు. జాబితా ఖాళీ. అయినా తెర మీద అదే మాట, ఇంకా ఒకరు తింటున్నారని.

బంతిలో ఎవరూ లేరు, ఎవరో తింటున్నారు. దెయ్యాల్ని నమ్మేవాళ్లయితే ఇక్కడే లేచి పరిగెత్తేవాళ్లు. నేను కాసిన్ని వేరుశనగలు తిని ఆలోచించాను. కంప్యూటర్ నడుస్తున్నవాళ్లని చూసి లెక్కపెట్టడం లేదు, వేసిన విస్తళ్లని చూసి లెక్కపెడుతోంది. నేను చూడాల్సింది ఎవరు నడుస్తున్నారని కాదు, బంతిలో ఎవరి పేర్లున్నాయని.

చూశాను. బంతిలో పన్నెండు చోట్లు. పదకొండింటి సంగతి ఇందాక రాసినదే. పన్నెండోది ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఇప్పుడు అక్కడొక పేరుంది: "రుమాలు". ఆ పేరుతో ఉన్న ఫైలు తెరవబోతే తెరుచుకోలేదు గానీ, లోపల ఒక్క అక్షరమైనా లేదని దాని కొలతే చెబుతోంది.

నేనొక్కదాన్నే పగలబడి నవ్వాను. మా చావిట్లో భోజనాల వేళ ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు ఎవరైనా నవ్వుతారు. గంట కొట్టకముందే ఎవరో ఒకరు దూరి మంచి కుర్చీల మీద రుమాళ్లు వేసేస్తారు. మనిషి ఉండడు, రుమాలు ఉంటుంది. దాన్ని తీసేసి కూర్చోవడం మర్యాద కాదు, వేసినవాడు వచ్చేదాకా ఆ కుర్చీ వాడిదే. ఎవరో పెద్దమనిషి కంప్యూటర్‌లో కూడా అదే చేశాడు. ముందుముందు తన యంత్రానికి ఆ పన్నెండో చోటు కావాలని, ఉత్త ఖాళీ ఫైలుకి పేరు పెట్టి వేసేశాడు. ఈ వెలుగు పక్షంలోనే వేసినట్టున్నాడు, పోయిన పక్షం కంప్యూటర్ శుభ్రంగానే ఆగింది కాబట్టి. పాపం కంప్యూటర్ ఆ రుమాలు ఎప్పుడు తిని లేస్తుందా అని మర్యాదగా కూర్చుని ఉంది. రుమాలు ఎక్కడ తింటుంది?

తీసి పారేద్దామంటే వీల్లేదు. ఒకసారి ఆపమని చెప్పాక, బంతి కూర్చున్నట్టే. కూర్చున్నాక విస్తరి తీయకూడదని జోగారావుగారు తాళం వేసేశారు. అందరూ లేస్తే తప్ప ఆ తాళం రాదు. ఆయన ఇప్పుడు ఉండి ఉంటే ఆయన మర్యాద గురించి నాలుగు మాటలు అడిగేదాన్ని.

ఉన్నది ఒకటే దారి. విస్తరి తీయలేం గానీ, వడ్డించొచ్చు. ఆ ఖాళీ ఫైలు తెరిచి, అందులో "తిన్నాను, లేస్తున్నాను" అని రెండు ముక్కలు రాస్తే చాలు. కానీ ఎవరు వేసిన రుమాలు వాళ్ల వేలిముద్రకే తెరుచుకుంటుంది. ఆ వేలు ఎవరిదో కంప్యూటర్ చెప్పదు.

నాకు తెలుసులెండి ఎవరిదో.

వెలుగు పక్షం, త్రయోదశి, భోజనాలయ్యాక

నాకు తెలియదని తేలింది.

చావిట్లో అందరూ ఉండగా లేచి నిలబడి సంగతంతా చెప్పాను. రుమాలు వేసినవాళ్లు చెయ్యెత్తండి, ఎవరూ ఏమీ అనరు, రెండు నిమిషాల పని అన్నాను. ఒక్క చెయ్యి లేవలేదు. నేను సూరన్న వంక చూశాను. సూరన్న మా చేపలతొట్టి చూస్తాడు. తన కొర్రమీను నీళ్లని కూడా కంప్యూటర్ చేతే దింపించాలనీ, పన్నెండో చోటు తనకే కావాలనీ ఏడాదిగా కనిపించినవాళ్లందరి దగ్గరా పోరుతున్నాడు.

"సూరన్నా, నీ రుమాలు నువ్వే తీసుకుంటే బాగుంటుంది" అన్నాను.

అతను తింటున్న చెయ్యి అలాగే ఆపేశాడు.

"ఏమ్మా, నేనేశానని చూసేవా? కావాల్సిందేదో నోరిప్పి అడిగేవోణ్ణి గానీ దొంగసాటుగా రుమాళ్లేసేవోణ్ణి కాదు. సేపలోడంటే అంత లోకువైపోయాడా ఈ ఊళ్లో?"

"మరి ఏడాదిగా ఆ చోటు కావాలంటున్నది నువ్వొక్కడివేగా?" అన్నాడు ఎవరో. ఇంకొకరు అందుకున్నారు. చావిడంతా సూరన్న మీద పడింది. నేను మొదలెట్టిన గోల కాబట్టి నేనే ఆపాలనుకున్నాను గానీ, నా గొంతు ఎవరికీ వినిపించలేదు. చివరికి బావ లేచి, రేపు ఊరంతా వరసగా వచ్చి కంప్యూటర్ మీద వేలు పెట్టాల్సిందేనని, ఎవరి వేలికి తెరుచుకుంటే వాళ్ల సంగతి అప్పుడు చూద్దామని కేకేశాడు.

సూరన్న కంచం ముందు తలొంచుకుని కూర్చున్నాడు. రత్నం పిన్ని అన్నానికి బదులు మేమంతా తినే రాగిసంకటి ముద్దని వేళ్లతో ఊరికే మెదుపుతూ ఉంది, ఒక్క ముద్దా నోట్లో పెట్టలేదు. వరి దిగులనుకున్నాను.

వెలుగు పక్షం, చతుర్దశి

ఊరు లేవకముందే పిన్ని కొట్టుకి వచ్చింది. తలుపు మూసింది. ఇక్కడెవరూ తలుపులు మూయరు, గాలి ఆడదని.

"అది నాదే అమ్మాయ్."

నేను స్క్రూడ్రైవర్ కింద పెట్టాను.

"వరి పండితే ఆరబెట్టే యంత్రం ఒకటి కావాలి కదా. ఈలోగా ఆ చోటు సూరన్న తన్నుకుపోతాడని భయవేసింది. ఈ పక్షం మొదట్లో పైరు పొట్టకొచ్చిన మర్నాడు రుమాలని పేరు కొట్టేసి వేలు పెట్టేశాను. ఎవరూ చూళ్లేదు. అదే కంప్యూటర్ని ఆగనివ్వదని నాకేం తెలుసు? నిన్న నువ్వు చెప్తేనే తెలిసింది. నా వరి పీక నేనే నొక్కుకున్నాను."

"నిన్ననే చెయ్యెత్తాల్సింది పిన్నీ" అన్నాను, కాస్త కోపంగానే.

"ఎలా ఎత్తనే? చావిట్లో రుమాళ్లు తీసి పారేసేది నేను. వరసలో రండ్రా, మనుషుల్లా తినండ్రా అని ముప్పొద్దులా అరిచేది నేను. నేనే దొంగరుమాలు వేశానని తెలిత్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" కొంగుతో కళ్లొత్తుకుంది. "ఒక పని చెయ్యి. రేపు పట్టాభిని తీగ కోసెయ్యనీ. పంట పోయిందంటే పోయిందంటాను. నాకు అలవాటే."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆమె మీద కాదు, ఆమె అలా అనేదాకా వచ్చినందుకు.

"పిన్నీ, పరువుకేం, మళ్లీ మొలుస్తుంది. నీ దగ్గర విత్తనం ఉందా మళ్లీ మొలవడానికి?" అన్నాను. "పద, వేలు పెట్టు."

పంటగదికి వెళ్లాం. పిన్ని కుడిచేతి బొటనవేలు పెట్టింది. తెరుచుకోలేదు. తుడిచి పెట్టింది. తెరుచుకోలేదు. నొక్కి పెట్టింది, మెల్లగా పెట్టింది, ఊది పెట్టింది. ఆ వేలు చూశాను. రుమాలు వేసిన నాటి వేలు కాదది. ఈ పక్షమంతా కలుపు తీసీ తీసీ, గాజుపొడి లాంటి ఈ మట్టిలో చర్మమంతా చెక్కుకుపోయి ఉంది. గీతల్లేవు, పగుళ్లే ఉన్నాయి. పొలం పనిచేసే చేతులకి యంత్రాల దగ్గర ఎప్పుడూ వచ్చే తిప్పలే ఇవి.

ఒక్క సంగతి మాత్రం నాకు అప్పుడే తట్టింది. పిన్ని నోరు మెదపకుండా ఊరుకుని ఉంటే, ఇవాళ ఊరందరి వేళ్లతోపాటు ఆమె వేలూ దీని మీద పడేది, అందరి వేళ్లలాగే తప్పిపోయేది. ఆమె మీద అనుమానం కూడా వచ్చేది కాదు. ఆమె వచ్చి చెప్పింది కాబట్టే ఏ వేలిని బాగుచేయాలో నాకు తెలిసింది. ఈ మాట ఆమెతో అన్నాను.

"బాగుచేయడానికి నా వేలేమైనా నీ యంత్రమా?" అంది.

"చెడిపోయిందేదైనా నాకు యంత్రమే."

బావకి వేళ్ల వరస వద్దని చెప్పాను. ఎందుకని అడిగాడు. రేపటిదాకా అడగొద్దన్నాను. మీ అక్క పోలికలే నీకూ అని గొణుక్కుంటూ పోయాడు గానీ అడగలేదు.

గోరువెచ్చని నీళ్లలో వేలు నానబెట్టించాను. పగుళ్లు మెత్తబడ్డాయి, ఆరగానే మళ్లీ బిగుసుకున్నాయి. నూనె కావాలి. వెన్నెలలంకలో నూనె అన్నమాట ఉన్నది ఒక్కచోటే, చేపల తొట్టి దగ్గర.

వెలుగు పక్షం, పున్నమి

గుట్ట మీద సూర్యుడు సగమే ఉన్నాడు. నీడలు ఊరంత పొడుగు. ఇవన్నీ జరిగిపోయాక రాస్తున్నాను.

నూనె నేను తెస్తానన్నాను. పిన్ని ఒప్పుకోలేదు. "నేనే అడగాలి" అని తానే నడిచింది. నేను వెనకాల వెళ్లాను.

సూరన్న తొట్టిలోకి మేత వేస్తున్నాడు. మమ్మల్ని చూసి వెనక్కి తిరిగాడు. పిన్ని అతని వీపుతోనే మాట్లాడింది.

"సూరన్నా, ఆ రుమాలు నాది. నీకంటే ముందు చోటు పట్టేద్దామని నేనే వేశాను. అందరూ నిన్ను నానా మాటలంటావుంటే నోరు మూసుకు కూర్చున్నాను. నా వేలు పగిలిపోయి కంప్యూటర్ ఒప్పుకోవట్లేదు. నీ దగ్గర నూనుందంట. ఇత్తావా?"

అతను ఇటు తిరిగాడు.

"మరి నా పరువు సంగతేంటి రత్నవ్వా?"

"చావిట్లో నిలబడి నేనే చెప్తాను."

"నేనివ్వకపోతే?"

"అయినా చెప్తాను."

సూరన్న మేతడబ్బా కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, గూట్లోంచి సీసా తీశాడు. "ఇంత పెద్ద ఆశపోతువని తెల్దు నాకు" అన్నాడు. అని, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని బొటనవేలికి తానే నూనె పట్టించడం మొదలెట్టాడు. కంపు భరించలేం. నేను తప్పయిందన్నాను. "నీ సంగతి తరవాత చూత్తాలే" అన్నాడు నా వంక చూడకుండా.

మేం పంటగదికి చేరేసరికి బావ తీగ దగ్గర కత్తెర పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని కళ్లు కిటికీలోంచి గుట్ట మీదే ఉన్నాయి. పిన్ని వేలు పెట్టింది. తెరుచుకోలేదు. సూరన్న ఆమె వేలిని తన చొక్కాతో పైపైన అద్ది, "ఇప్పుడెట్టు, అదమకు" అన్నాడు.

తెరుచుకుంది.

తెర మీద ఒట్టి తెల్లదనం. నా రుమాలు, నేనే రాస్తానని ఆమె కీబోర్డు ముందుకి జరిగింది. పిన్ని ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి కాబట్టి ఏది ఎక్కడుందో నేను వేలు పెట్టి చూపిస్తూ వచ్చాను. "తిన్నాను" అయింది. "లే" దగ్గర ఆగి, "ఏత్వం ఎక్కడే?" అంది. బావ కత్తెర తీగకి ఆనించి, "అయిందా?" అన్నాడు. "ఇంకా తింటున్నారు, ఆగు!" అని ముగ్గురం ఒక్కసారే అరిచాం.

"లేస్తున్నాను" అయింది. ఆపమని నొక్కాను.

తెర నల్లబడింది. ఎప్పుడూ నల్లబడేదే కాబట్టి ఎవరం నమ్మలేదు. గోడల్లో నీళ్లు గలగలా కిందికి దిగాయి. తర్వాత నెత్తి మీద రెక్కలు కదిలాయి, ఆ అదురు అరికాళ్లలో తెలిసింది. ఒక్కో రెక్కా మూసుకుంటున్నకొద్దీ మళ్ల మీది ఎండ చారలు చారలుగా తగ్గి, చివరి చార కంకుల మీంచి జరిగి పోయింది. పంటగది చీకటైంది. ఫ్యాన్ గురక నెమ్మదించి, నెమ్మదించి, మానేసింది.

పన్నెండేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాను. ఇంత గొప్ప నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

లోపం: ఖాళీ ఫైలు. మరమ్మతు: పూర్తయింది. వాడిన సామాను: గోరువెచ్చని నీళ్లు, చేపనూనె.

చీకటి పక్షం, పాడ్యమి

చావిట్లో అందరం ఒక్కచోట ముడుచుకుని ఉన్నాం. భోజనాలప్పుడు పిన్ని లేచి, అన్నమాట ప్రకారం అంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్క మెత్తగా చెప్పలేదు. పన్నెండో చోటు సూరన్న చేపలకే అని కూడా చెప్పింది. చెప్పి, ఎవరి మొహమూ చూడకుండా కూర్చుంది.

నేను గొడవ అవుతుందనుకున్నాను. అవలేదు. చాలామంది తమ కుర్చీల మీది రుమాళ్లు మెల్లగా తీసి జేబుల్లో పెట్టుకున్నారు. సూరన్న తన కంచం పట్టుకుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. నన్ను మాత్రం ఇంకా చూడడం లేదు.

రెక్కల వెనక వరి ఎలా ఉందో ఎవరికీ తెలియదు. సూర్యుడు వచ్చేదాకా తెరిచే వీల్లేదు. నేను బాగుచేసింది కంప్యూటర్‌నే. పాలు గింజయ్యాయో లేదో చూసే మీట నా దగ్గర లేదు. ఇది నాకు నచ్చలేదు. ఏ పనైనా చేశాక సవ్యంగా అయిందో లేదో తెలియకుండా పక్షమంతా కూర్చోవడం నాకు అలవాటు లేదు. ఎనిమిదేళ్లు ఈవిడ ఇలాగే ఎలా కూర్చుందో!

వెలుగు పక్షం, పాడ్యమి

తూర్పు గుట్ట అంచు తెల్లబడగానే కంప్యూటర్ వేశాను. పేచీ లేకుండా లేచింది. నీళ్లు ఎక్కాయి, రెక్కలు తెరుచుకున్నాయి, పలచటి ఎండ అద్దాల మీద పడింది.

పిన్ని పంటగది గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

"నువ్వెళ్లి చూడవే. నావల్ల కాదు."

నేను యంత్రాలకి భయపడను. మొత్తం ఊరి గాలిపంపు నా చేతుల్లో ముక్కలుగా ఉన్నప్పుడు కూడా ఈల వేసుకుంటూ బిగించినదాన్ని. ఈరోజు ఆ మళ్ల మధ్య నడుస్తుంటే మాత్రం ఈల రాలేదు. పైరు పసుపు తిరిగింది. ఎండిపోయి పసుపు తిరిగిందో పండి పసుపు తిరిగిందో నాకు తెలియదు, నేను రైతుని కాదు. కంకులు మాత్రం కిందికి వంగి ఉన్నాయి. తాలుకంకి వంగదని పిన్ని ఎప్పుడో చెప్పింది. అయినా నమ్మబుద్ధి కాలేదు.

ఒక్క గింజ దూసి, పొట్టు ఒలిచి, పళ్ల మధ్య పెట్టి కొరికాను.

కటుక్కుమంది.

గట్టి గింజ. రెండు ముక్కలైంది. నాలుక మీద ఎక్కడో చిన్నప్పటి తియ్యదనం తగిలింది. సగం ముక్క అరచేతిలో పెట్టుకుని బయటికి వచ్చాను. చెబుదామని నోరు తెరిచాను, మాట రాలేదు. ఈ ఊళ్లో సుభాషిణికి మాట రాకపోవడం ఎవరూ చూసి ఉండరు. పిన్ని నా మొహం చూసి ఇంకోలా అనుకుంది. గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూలబడిపోయింది, ఏడవను కూడా లేదు.

నేను పక్కన కూర్చుని ఆ సగం గింజ ఆమె నోట్లో పెట్టాను.

నమిలింది. ఆగింది. మళ్లీ నమిలింది. కళ్లు పెద్దవయ్యాయి. ఎనిమిదేళ్ల తర్వాత నోట్లో అన్నపు గింజ పడ్డ ఆ మనిషి నన్ను వీపు మీద ఒక్కటి చరిచి, మిగతా ఊరంతా వినబడేలా అరిచింది:

"విత్తనం గింజ కొరికేశావేంటే దిక్కుమాలినదానా!"